ఇరవై ఒక్క ఆకులు, ఒక ముళ్ళకొమ్మ

ఎండ కోసం ఐర్లండ్‌కి ఎవరూ రారు. ఇక్కడ ఉన్నవాళ్ళే ఎండ కోసం విమానమెక్కి స్పెయినుకో గ్రీసుకో పోతారు. అలాంటిది, ఈ దేశపు నైరుతి మూలన మధ్యధరా తీరం లాంటి ముక్క ఒకటుందనీ, వెచ్చటి సముద్ర ప్రవాహం ఆ ఒడ్డుని ఒరుసుకుంటూ పోతుందనీ, ఇటలీలో మొలవాల్సిన చెట్లు అక్కడ మొలుస్తాయనీ వసుంధర ఆంటీ చెప్పినప్పుడు నేను నమ్మలేదు. నాలుగేళ్ళుగా కార్క్ పక్కన బాలింకాలిగ్‌లో ఉంటున్నాను. ఈ దేశంలో నేను చూసిన అత్యంత వెచ్చటి ప్రదేశం మా ఇంట్లో వేడినీళ్ళ ట్యాంకు ఉన్న బట్టల అలమర.

ఆంటీ పోర్ట్‌లీష్‌లో మత్తు డాక్టరు. సొంతూరు తెనాలి. నాది చీరాల. ఒకే రైలు దారిలో ఉన్న ఊళ్ళవాళ్ళం అన్న చుట్టరికంతో ఆవిడ నాకు పనులు చెబుతూ ఉంటుంది. ఈ పని మాత్రం నేనే కొని తెచ్చుకున్నాను. పోయినేడు వినాయక చవితికి ఇక్కడి తెలుగువాళ్ళందరం కలిసి చేసిన పూజలో, ఇరవై ఒక్క రకాల పత్రికి బదులు దుకాణంలో దొరికిన పాలకూర, పుదీనా, కొత్తిమీర, మెంతికూర పెట్టారు. పూజ చేస్తున్నది ఆంటీ. వెనక నుంచి నేను, "ఇది స్వామికి పూజా, పప్పులోకి సరంజామానా?" అన్నాను. అందరూ నవ్వారు, ఆవిడ తప్ప. ఈ ఏడు చవితి బుధవారం వచ్చింది. ముందటి వారం ఫోన్ చేసింది.

"ఏం అబ్బాయ్, శని ఆది సోమ ఖాళీయేనా?"

"సోమవారం ప్లాంటులో పనుంది ఆంటీ."

"సెలవు పెట్టు. ఇరవై ఒక్క రకాలూ తెస్తున్నాం. కారు నువ్వే నడపాలి. ఆకు నువ్వే కొయ్యాలి. నువ్వే కడగాలి. అప్పుడు ఎన్ని జోకులేస్తావో వెయ్యి, వింటా."

గ్లెంగారిఫ్

బాలింకాలిగ్ నుంచి పడమరగా గంటన్నర పైన. సగం దూరం దారి మర్యాదగానే ఉంటుంది. ఆ తర్వాత రెండు వైపులా రాతిగోడలు దగ్గరికొచ్చి, మధ్యలో గడ్డి మొలిచి, ఇది రోడ్డా, ఎవరి పెరటి దారా అని అనుమానం మొదలవుతుంది. వేగపు హద్దు చెప్పే బోర్డు సరిగ్గా అక్కడే ఉంది. ఆ వేగంతో వెళ్ళినవాడు తిరిగొచ్చి చెప్పిన దాఖలా లేదు. ఒక మలుపులో ట్రాక్టరు ఎదురైతే రెండొందల గజాలు వెనక్కి నడిపాను. ఆ రైతు దాటిపోతూ స్టీరింగు మీంచి ఒక్క చూపుడువేలు పైకి లేపాడు. ఈ పల్లెల్లో అదే నమస్కారం. మా ఊరి రోడ్డు మీద ఎదుటివాడికి వేలు చూపిస్తే బండి ఆపి దిగుతాడు.

ఊళ్ళోకి దిగగానే నా నోరు తెరుచుకుంది. సన్నటి వాన, బూడిదరంగు ఆకాశం, ఒక పబ్బు. దాని ముందు, కొబ్బరిచెట్టుకి దూరపు చుట్టంలాంటి చెట్టు, తలంతా విరబోసుకుని నిలబడి ఉంది. ఒకటి కాదు, వరసగా. వానలో గొడుగు లేకుండా దొరికిపోయిన సినిమా హీరోయిన్లలా ఉన్నాయి.

పక్కనే అడవి ఉంది. ఓక్ చెట్లు, వాటి మీద నాచు, ఆ నాచు మీద ఇంకేదో పచ్చన. అందులో ఎర్రటి బెరడు, బిరుసు ఆకులున్న ఒక చెట్టు దగ్గర బోర్డు పెట్టారు. ఆ చెట్టు మధ్యధరా దేశాల్లో పెరుగుతుందట, మళ్ళీ ఇక్కడ పెరుగుతుందట, మధ్యలో ఇంగ్లండులో మాత్రం తనంతట తాను మొలవదట. దారిలో ఇంగ్లండులో దిగకుండా నేరుగా ఇక్కడికే వచ్చిందన్నమాట. ఐరిష్ వాళ్ళకి ఆ చెట్టంటే ఎందుకంత ముద్దో అర్థమైంది.

ఆ రోజు శనివారం, ఆంటీకి నీచు లేదు. బెంచీ మీద డబ్బా విప్పి పులిహోర తింది. నేను పబ్బులో చేపల సూపు, రెండు ముక్కల రొట్టె తిని పద్నాలుగు యూరోలు ఇచ్చి వచ్చాను. రూపాయల్లోకి మార్చడం ఎప్పుడో మానేశాను. గుండెకి మంచిది కాదని ఆంటీయే చెప్పింది.

తోట దీవి

గ్లెంగారిఫ్ రేవు నుంచి చిన్న పడవలో పావుగంట పోతే ఒక దీవి. దారిలో రాళ్ళ మీద సీల్ జంతువులు. పెళ్ళి భోజనాలయ్యాక కల్యాణ మండపంలో చాపల మీద ఒరిగిన మామయ్యల్లాగా, పొట్టలు పక్కకి వాల్చి, వచ్చేపోయేవాళ్ళని ఒంటికన్నుతో చూస్తున్నాయి. నేను వందో ఫోటో తీస్తుంటే పడవ నడిపే ఆయన, "తొందరేం లేదు బాబూ, అవెక్కడికీ పోవు. నేను స్కూల్లో ఉన్నప్పట్నుంచీ అవే" అన్నాడు.

దీవంతా తోట. మెట్లు, రాతి స్తంభాలు, మధ్యలో నీటి తొట్టి, వెనకాల కొండలు. ఎవరో డబ్బున్నవాళ్ళు రాతిదిబ్బ మీదకి పడవల్లో మట్టి మోయించి వేయించిన తోటట. ఇటలీ అనిపించేలోపు చినుకు పడుతుంది. చినుకు అనుకునేలోపు ఎండ కాస్తుంది. ఆంటీ ఇవేవీ చూడడం లేదు. చేతిలో పత్రి జాబితా, సంచీలో కత్తెర. ప్రతి చెట్టునీ, పేషెంటుని చూసినట్టు ఆపాదమస్తకం చూస్తోంది.

"ఇది దేవదారు జాతేరా. దాని పక్కన మరువం. కొయ్యి."

"ఆంటీ, ఆకు కోయరాదని బోర్డుంది."

"చూస్తున్నా కదా. అందుకే నిన్ను కొయ్యమంటోంది."

కత్తెర తీసేసరికి వెనకాల ఒక తోటమాలి. తడిసిన టోపీ, బురద బూట్లు. నేను వెంటనే గోళ్ళు కత్తిరించుకోబోయేవాడిలా చేతులు చూసుకున్నాను. ఆంటీ మాత్రం ఏమాత్రం తొణక్కుండా అంతా చెప్పేసింది. మాకు ఏనుగు తల ఉన్న దేవుడున్నాడనీ, ఆయనకి ఇరవై ఒక్క రకాల ఆకులతో పూజ చెయ్యాలనీ, పోయినేడు పాలకూరతో కానిచ్చి పరువు పోగొట్టుకున్నాననీ.

తోటమాలి శ్రద్ధగా విని, "ఆసియా ఏనుగా, ఆఫ్రికా ఏనుగా?" అన్నాడు.

పాతికేళ్ళుగా పూజ చేస్తున్న ఆంటీ కూడా ఒక్క క్షణం ఆలోచించాల్సి వచ్చింది. "ఆసియా."

"అలాగైతే చెవులు చిన్నవి. సరే రండి." తోట వెనక, ఆ వారం కత్తిరించి పోసిన కొమ్మల గుట్ట దగ్గరికి తీసుకెళ్ళాడు. "ఇవి ఎరువుకి పోయేవి. దేవుడికి పోతే నాకేం అభ్యంతరం?"

దొంగతనం చెయ్యబోయిన చోట దానం దొరికితే ఎంత సిగ్గుగా ఉంటుందో అప్పుడే తెలిసింది. ఇంట్లో ఉన్నవీ, ఇండియా దుకాణంలో దొరికినవీ, ఈ గుట్టలోవీ కలిపి లెక్కేస్తే ఇరవై. జమ్మి స్థానంలో ఆవిడ ఏదో సన్నాకు కొమ్మని నియమించింది. మిగిలింది రేగు ఒక్కటే.

అలిహీస్

అక్కడి నుంచి బేరా ద్వీపకల్పం కొస దాకా వెళ్ళి, అలిహీస్ అనే ఊరి బయట నొరీన్ గారింట్లో దిగాం. డెబ్భై దాటిన మనిషి. రెండు గదులు యాత్రికులకి అద్దెకిస్తుంది. ఆవిడకి మనుషులందరూ 'లవ్', ప్రపంచంలో మిగతావన్నీ 'గ్రాండ్'. వాన గ్రాండ్, మా కారు గ్రాండ్, ఆదివారం పొద్దున నా ప్లేటులో పెట్టిన నల్లటి బిళ్ళలు గ్రాండ్. రెండు తిన్నాక అవేమిటని అడిగాను.

"పంది రక్తం, లవ్. కొంచెం ఓట్స్."

మా ఊళ్ళో మేక రక్తం వేపుడు తిన్న చరిత్ర నాది. అయినా అడక్కుండా తినడం వేరు. ఆంటీ తన బంగాళాదుంప మీద కారప్పొడి చల్లుకుంటూ, "నమిలి మింగు. ఉమ్మేస్తే మర్యాద కాదు" అని తెలుగులో కేకేసింది.

ఊరి కింద సముద్రం ఒడ్డు చూసి మళ్ళీ షాక్. దాదాపు తెల్లటి ఇసుక, ఆకుపచ్చా నీలమూ కలిసిన నీళ్ళు. ఎవరైనా ఫోటో చూపిస్తే గ్రీసు అనేస్తాను. ఆ ఇసుక సహజంగా వచ్చింది కాదట. కొండ మీద పాత రాగి గనుల్లో పొడి చేసిన రాయంతా వాగులో కొట్టుకొచ్చి పేరుకుందట. అంటే ఈ తీరంలో అందరూ ఎగబడి చూసే అందం, ఒక ఫ్యాక్టరీ వదిలిన చెత్త. ప్లాంటులో పనిచేసే మనిషిగా నాకు ఎంతో ఊరట కలిగింది.

నీళ్ళు చూస్తే వెచ్చగా ఉన్నట్టే ఉన్నాయి. ప్యాంటు మడిచి దిగాను. పాదాలు కబురు పంపాయి, అది మెదడుకి చేరేలోపే నోరు అరిచేసింది. నా పక్కనుంచి నొరీన్ వయసు ఆడవాళ్ళు ముగ్గురు, ఈత బట్టల్లో, కూరగాయల బజారుకి పోతున్నట్టు మాట్లాడుకుంటూ మెడ లోతుకి వెళ్ళిపోయారు. ఒకావిడ వెనక్కి తిరిగి, "ఇవాళ సూపులా ఉంది కదూ!" అంది. బహుశా ఫ్రిజ్జులో పెట్టిన సూపు.

పొలం చివర

ఆదివారం సాయంత్రం ఆంటీ నడుం వాల్చింది. నేనొక్కణ్ణే ఇంటి వెనక పొలంలోంచి సముద్రం వైపు నడిచాను. పొలం చివర గేటు, గేటు పక్కన ఒంటరిగా ఒక పొట్టి చెట్టు. గాలికి ఒకే వైపు వంగిపోయింది. మిగతా పొలమంతా గడ్డి కోసి ఉంది, దాని చుట్టూ మాత్రం గుండ్రంగా వదిలేశారు. దగ్గరికెళ్ళి చూస్తే ముళ్ళు. ముళ్ళ మధ్య చిన్న ఎర్రటి కాయలు.

ముళ్ళు, ఎర్ర కాయలు. చీరాలవాడికి ఇంకేం సాక్ష్యం కావాలి? రేగు! మూరెడు కొమ్మ విరిచాను. చెయ్యి గీరుకుపోయి రక్తం వచ్చింది. అదీ రేగు లక్షణమే అనుకున్నాను.

ఆంటీ చూసి మొట్టమొదటిసారి మెచ్చుకుంది. "అచ్చంగా కాదు గానీ, సరిపోతుందిలే. ఇన్నాళ్ళకి ఒక పని చేశావురా." ఆ మెప్పు అరనిమిషం ఉంది. వంటింటి గుమ్మంలో నొరీన్ నిలబడి నా చేతిలోకి చూస్తోంది.

"అది ఎక్కడిది, లవ్?"

"గేటు దగ్గర చెట్టుదండీ."

ఆవిడ మొహంలో రంగు పోయింది. పోయింది అని రాస్తే చాలా మంది నమ్మరు. నేనూ కథల్లో చదివి నమ్మేవాణ్ణి కాదు. చేతిలో తుడుచుకునే గుడ్డ జారి కిందపడింది. "లోపలికి తేకు" అంది మెల్లగా. "గుమ్మం దాటించకు."

నేనింకా నవ్వుతూనే, "విషమా అండీ?" అన్నాను.

"హాథార్న్ చెట్టు. ఒంటిగా ఉన్నదాన్ని ఎవరూ ముట్టరు. అది వాళ్ళది." వాళ్ళెవరని అడిగితే చెప్పలేదు. పేరు పలకరట. మన పల్లెల్లో చీకటి పడ్డాక పాముని 'పురుగు' అన్నట్టు. ఇక్కడి కథల్లో ఒంటరి చెట్లని కాచుకుని ఉండే, కంటికి కనపడని జనం అని అర్థమైపోయింది. నా నవ్వు ఆగిపోయింది. "మా మామగారు ముట్టలేదు. మా ఆయన డోనల్ యాభై ఏళ్ళుగా దాని చుట్టూ ట్రాక్టరు తిప్పి తీసుకెళ్తున్నాడు. నాకు నమ్మకాలేం లేవు. కానీ ఇవాళ కాదు, లవ్. ఏ రోజైనా సరే గానీ, ఇవాళ కాదు."

ఇవాళ ఏమిటని ఆంటీ అడిగింది. మర్నాడు పొద్దున ఎనిమిదింటికి కార్క్‌లో డోనల్‌కి గుండె ఆపరేషను. కవాటం మారుస్తారు. కూతురు దగ్గరుంది. ఈవిడని మాత్రం ఆయనే రావద్దన్నాడట, నీ మొహం చూస్తూ కూర్చుంటే ఉన్న ధైర్యం కూడా పోతుందని. ఇల్లు బావురుమంటుందని మా బుకింగు రద్దు చెయ్యలేదట.

ఆ మాట అన్నాక ఆవిడ, "నీకు తెలియదు కదా, నీ తప్పేం లేదు" అంది. ఆ రోజు తొలిసారి గ్రాండ్ అనలేదు.

మా ప్లాంటులో ఏదైనా తప్పు జరిగితే కాగితం రాయాలి. ఏం జరిగింది, మూల కారణం ఏమిటి, దిద్దుబాటు చర్య ఏమిటి. గదిలోకి వెళ్ళి మనసులో రాసుకున్నాను. మూల కారణం: నేను. దిద్దుబాటు చర్య దగ్గర ఆగిపోయాను. విరిచిన కొమ్మని అతికించే పద్ధతి ఏ మాన్యువల్లోనూ లేదు.

"ఆంటీ, మీరు డాక్టరు కదా. ఇదంతా ఏం కాదని ఆవిడకి చెప్పండి."

"ఏం కాదని నీకెవరు చెప్పారు?"

"అదేంటి!"

"ఒరేయ్, పాతికేళ్ళుగా నేను ఆపరేషన్ థియేటర్లోకి కుడికాలు పెట్టే వెళ్తున్నా. ఒక్కరోజు ఎడమకాలు పడింది. బయటికొచ్చి మళ్ళీ వెళ్ళా. సర్జన్ చూశాడు. ఏమీ అనలేదు. ఎందుకో తెలుసా? ఆయనకో పాత టోపీ ఉంది, అదే పెట్టుకుంటాడు." సంచీ మూతి కట్టేసింది. "రేపు తొమ్మిదింటికి బయల్దేరడం లేదు. ఆయన కబురు తెలిసేదాకా ఇక్కడే."

సోమవారం

ఆ ఇంట్లో ఫోన్ సిగ్నల్ రాదు. ఎక్కడొస్తుందో చెబితే మీరు నవ్వుతారు, నేను మాత్రం నవ్వలేకపోయాను. పొలం చివర గేటు దగ్గర. అదే చెట్టు కింద. దేవతల టవరు, ఫోన్ల టవరు ఒకే చోట పెట్టుకున్న దేశం ఇదొక్కటేనేమో. కూతురు కబురు చెయ్యాలంటే నొరీన్ అక్కడే నిలబడాలి. విరిగిన మొండిని చూస్తూ.

పది దాటాక ముగ్గురం వెళ్ళాం. కింద సముద్రం తన పని తాను చేసుకుంటోంది. రాత్రంతా బయట ఉంచిన కొమ్మని తెచ్చి చెట్టు మొదట్లో పెట్టాను. నొరీన్ ఫోను రెండు చేతులా పట్టుకుని నిలబడింది. ఆంటీయే మొదలుపెట్టింది.

"ఇప్పుడు ఆయన తల దగ్గర నాలాంటిదో నాలాంటివాడో ఒకరు కూర్చుని ఉంటారు. అది మా పని. అందరూ గుండె వైపు చూస్తారు. మేం మనిషి వైపు చూస్తాం. పొద్దున్నుంచీ ఒక్క నిమిషం కూడా ఆయన్ని ఒంటరిగా వదలరు."

నొరీన్ తలూపింది. విరిగిన మొండి వైపు చూస్తూ అడిగింది. "డాక్టర్, మీ దేశంలో ఇలాంటి తప్పు చేస్తే ఏం చేస్తారు?"

ఆంటీ నా వైపు తిరిగింది. ఆ చూపు ఎటు పోతోందో నాకు ముందే తెలిసింది.

"ఆంటీ, వద్దు."

"చెవులు పట్టుకో."

"ఇక్కడా?"

"ఇంకెక్కడ? విరిచింది ఇక్కడేగా! ఇరవై ఒకటి. సరిగ్గా. మోకాళ్ళు పూర్తిగా వంగాలి."

మా వినాయకుడి ముందు తప్పు ఒప్పుకుని గుంజీళ్ళు తీస్తామనీ, అది చూసి ఆయనకి నవ్వొస్తుందనీ, నవ్వితే కోపం ఉండదనీ ఆవిడకి చెప్పింది. నొరీన్ చాలా గంభీరంగా ఆలోచించి, "వాళ్ళకి హాస్యం ఉందనే విన్నాను" అంది. తర్వాత నా వైపు చూసి, "నెమ్మదిగా చెయ్యి, లవ్. వాళ్ళు చూసేలాగా" అంది.

కుడిచేత్తో ఎడమ చెవి, ఎడమచేత్తో కుడి చెవి. చదువుకున్న ఇంజనీరు, ఐర్లండ్ దేశపు కొసన, అట్లాంటిక్ గాలిలో, ముళ్ళచెట్టుకి క్షమాపణ. గేటవతల నాలుగు ఆవులు వచ్చి వరసగా నిలబడ్డాయి. నొరీన్ లెక్కపెడుతోంది. ఐదు దగ్గర ఆయాసం మొదలైంది. పది దగ్గర జోకులు అయిపోయాయి. పన్నెండు దగ్గర, నాకు తెలియకుండానే, ఎప్పుడూ చూడని ఆ డోనల్ కోసం నిజంగానే తీస్తున్నాను. వాళ్ళెవరో గానీ నవ్వాలని, నన్ను చూసైనా సరే నవ్వాలని, ఇంత గట్టిగా నేనెప్పుడూ కోరుకోలేదు.

పదిహేడు దగ్గర ఫోను మోగింది.

నేను కిందకి వంగి ఉన్నాను. లేవాలో ఉండాలో తెలియలేదు. అలాగే ఉండిపోయాను, చెవులు పట్టుకుని.

"ఆ... చెప్పు... ఎప్పుడూ?... మళ్ళీ చెప్పు." నొరీన్ గేటు కమ్మీ పట్టుకుంది. ఆంటీ వెళ్ళి ఆవిడ మోచెయ్యి పట్టుకుంది. "తనంతట తనే కొట్టుకుంటోందా?... మీ నాన్నది మొండి గుండె, కొట్టుకోక ఏం చేస్తుంది... ఏడవకు. నేనేడవటం లేదు. గాలి."

ఫోను చెవి మీంచి దించి, సముద్రం వైపు తిరిగి కాసేపు నిలబడింది. భుజాలు కదిలాయి. ఆంటీ చెయ్యి తియ్యలేదు. తర్వాత ఆవిడ ముక్కు తుడుచుకుని ఇటు తిరిగింది.

"గ్రాండ్" అంది. "అంతా గ్రాండ్. సాయంత్రానికి కళ్ళు తెరుస్తాడట."

నేను చెవులు వదిలి లేవబోయాను.

"పదిహేడే అయ్యాయి" అంది నొరీన్.

"అయిపోయింది కదండీ, ఆయన బాగానే..."

"అందుకేగా! వాళ్ళ వంతు వాళ్ళు చేశారు, నువ్వు పదిహేడుకే ఆగిపోతావా?"

సాయానికి ఆంటీ వైపు చూశాను. ఆవిడ అప్పటికే సంచీ కింద పెట్టి, స్కార్ఫు బిగించుకుని, నా పక్కకొచ్చి చెవులు పట్టుకుంది. నేనూ మళ్ళీ పట్టుకున్నాను.

"పద్ధెనిమిది" అంది నొరీన్.